దయ్యాల కొంపలోని కీలుబొమ్మలు: వానిని దూరమునుండి కదలించు విధము

గత విద్యాసంవత్సరమున మన పాఠశాలలో జరిగిన విజ్ఞాన ప్రదర్శనమునకు విచ్చేసిన వారికి, పదవ తరగతి విద్యార్థులు ప్రయోగశాల ప్రక్కగదిలో కట్టిన "దయ్యాల కొంప" జ్ఞాపకముండకపోదు. కిటికీలకు నల్లని దుప్పట్లు కట్టి, వెదురు తడికలతో వంకరదారి యొకటి యేర్పఱచి, దారి మలుపున ఒక పాత కొయ్యపెట్టెను ఉంచిరి. చూడవచ్చిన వారు ఆ మలుపు తిరుగునంతలో పెట్టెమూత ఫెళ్లున తెఱచుకొనెడిది. తెల్లని గుడ్డ కప్పిన బొమ్మ యొకటి నిలువునా పైకి లేచెడిది. పెట్టె దగ్గఱ మనుష్యుడు లేడు. దానికి కట్టిన త్రాడును కనబడదు. వెలుపలికి వచ్చిన పెద్దలును పిన్నలును నన్ను అడిగిన ప్రశ్న యొక్కటియే: "అది యెట్లు లేచినది?"

ఆ రెండు దినములలో ఎందఱికో తొందరలో ముక్కలు ముక్కలుగా బదులు చెప్పితిని. సరిగా చెప్పలేకపోతినేమో యను కొఱత నాకు మిగిలిపోయినది. కావున ఈ సంచికలో తీఱికగా వ్రాయుచున్నాను. దయ్యములున్నవా లేవా యని అడుగదలచిన వారికి ముందే మనవి చేయుచున్నాను: మా దయ్యమునకు ప్రాణము సైకిలు ట్యూబునుండి కోసిన నాలుగు రబ్బరు పట్టీలు. అంతకుమించి నేనెఱుగను.

ఇట్టి గృహములు మన దేశమున ఎగ్జిబిషనులలో "భూత్ బంగ్లా" యను పేరుతో కనబడుచుండును. అమెరికా దేశమున అక్టోబరు 31వ తేదీన వచ్చు హాలోవీన్ పండుగ దినములలో ఇవి ఊరూర వెలయును. అచ్చట కొందఱికి ఇదియే జీవనోపాధి. వారు చేయు కీలుబొమ్మలు మా పెట్టెలోని బొమ్మవలె గాక, మనుష్యప్రమాణములో నుండి, తల త్రిప్పును, చేతులు చాచును, గోడను చీల్చుకొని వచ్చినట్లు ముందునకు దుముకును. అయినను మా బొమ్మకును వాని బొమ్మలకును మూలసూత్రము ఒక్కటియే. ఆ సూత్రమును మన యింటిలోని రెండు వస్తువులతో చెప్పెదను.

మొదటిది తోలుబొమ్మ. తెరవెనుక నున్న ఆటగాడు పుల్లను కదల్పగా బొమ్మ చేయి కదలును. బొమ్మకు కదలు బలమును, ఎప్పుడు కదలవలెనను ఆజ్ఞయు, రెండును ఆటగాని చేతినుండి ఒకే పుల్ల వెంట పోవుచున్నవి. అతడు చేయి ఆపినచో బొమ్మ ఆగును. అతడు పది బారల దూరమున కూర్చుండి ఆడింపలేడు.

రెండవది ఎలుకలబోను. బోను తలుపును లాగిపట్టు స్ప్రింగును రాత్రి పండుకొనుటకు ముందు ఇంటివారు సాగదీసి గడియకు తగిలించుదురు. అర్ధరాత్రమున ఎలుక వచ్చి ఎర యున్న కొక్కెమును కొంచెము కదల్చును. తలుపు టప్పున పడును. ఆ తలుపును మూసిన బలము ఎలుకది కాదు. సాయంకాలమున ఇంటివారు స్ప్రింగులో దాచిన బలము. ఎలుక ఇచ్చినది సంకేతము మాత్రమే. బలము వేఱు, సంకేతము వేఱు. ఈ రెంటిని విడదీయగలిగిన దినముననే దూరమునుండి వస్తువులను కదలించుట మనుష్యునికి సాధ్యమైనది. ఏలయన, పెద్ద బలమును దూరమునకు పంపుట కష్టము. చిన్న సంకేతమును పంపుట సుళువు.

విద్యుత్తుతో ఈ పని మొట్టమొదట చేసిచూపిన వారిలో ఒక బడిపంతులు ఉన్నాడు. అమెరికాలోని ఆల్బనీ నగరమునందలి అకాడమీలో గణితమును, ప్రకృతిశాస్త్రమును బోధించుచుండిన జోసఫ్ హెన్రీ 1831లో మైలుకు మించిన పొడవుగల తీగను గది చుట్టును త్రిప్పి, ఒక కొనను బ్యాటరీకి తగిలించి, రెండవ కొన యొద్ద గంట మ్రోగించెను. ఆ తరువాత ఆయన ప్రిన్స్‌టను కాలేజీకి ఆచార్యుడై వెళ్లి మఱియొక చిత్రము చూపెను. ఒక పెద్ద విద్యుదయస్కాంతముచేత గొప్ప బరువును ఎత్తించి పట్టించెడివాడు. దూరమునుండి సన్నని తీగ వెంట వచ్చు బలహీనమైన ప్రవాహము, ఆ పెద్ద అయస్కాంతపు విద్యుద్వలయమును తెంపునట్లు అమర్చెను. దూరమున మీట కదల్పగానే బరువు దబ్బున నేలబడెడిది. విద్యార్థులు ఎంత ఉలికిపడి యుందురో ఊహింపవచ్చును. శిష్యులను ఒకమాఱు ఉలికిపాటు నొందించి పాఠము చెప్పవలెనను ముచ్చట ఈ కాలపు ఉపాధ్యాయులకు మాత్రమే పుట్టినది కాదు.

ఒక చిన్న ప్రవాహముచేత వేఱొక పెద్ద ప్రవాహమును తెఱచుట గాని మూయుట గాని చేయు ఈ యమరికకు నేడు రిలే యని పేరు. పూర్వము దూరప్రయాణములలో అలసిన గుఱ్ఱమును విప్పి క్రొత్త గుఱ్ఱమును పూన్చెడి మజిలీల వ్యవహారమునుండి ఆ మాట వచ్చినది. తీగ చివరకు చేరునప్పటికి సంకేతము అలసిపోవును. అచ్చట క్రొత్త గుఱ్ఱము, అనగా క్రొత్త బ్యాటరీ, సిద్ధముగా నుండును. తంతివార్తలు దేశములు దాటినది ఈ యుపాయముచేతనే. మా పెట్టె ప్రక్కన గోడకు కొట్టిన అగ్గిపెట్టెయంత నల్లని వస్తువు రిలేయే. అది "టిక్కు" మని పలుకుటను చెవియొగ్గి విన్న విద్యార్థులు కొందఱు దానినే దయ్యమనిరి.

తీగ కూడ లేకుండ సంకేతము పంపిన కథలో మన దేశమునకు గౌరవస్థానము కలదు. 1895 ప్రాంతమున కలకత్తా టౌనుహాలులో ఆచార్య జగదీశచంద్ర బోసుగారు విద్యుత్తరంగములను పుట్టించి, అవి గోడను దాటిపోయి దూరమునందున్న గంటను మ్రోగించునట్లును, తుపాకిమందును అంటించునట్లును చేసి సభవారికి చూపిరి. ఇచ్చట గమనింపవలసినది ఒకటి యున్నది. ఆ మందును పేల్చిన బలము తరంగములలో లేదు. తరంగము దీపపుపురుగు ఱెక్కనైనను కదల్పజాలదు. బలము మందులోనే నిద్రించుచుండెను. తరంగము దానిని తట్టి లేపినది. మూడేండ్ల తరువాత, 1898లో, న్యూయార్కు నగరమునందు నికోలా టెస్లా ఒక చిన్న పడవను నీటితొట్టిలో వదలి, దానిని తాకకయే త్రిప్పి నడపెను. పడవను నడపిన బ్యాటరీలు పడవలోనే యుండెను. టెస్లా చేతినుండి పోయినది "తిరుగుము", "ఆగుము" అను ఆజ్ఞయే.

ఇక బలము దాచు విధము. మా బొమ్మకు రబ్బరు పట్టీలు చాలినవి. మాటిమాటికి ఒక విద్యార్థి తడిక వెనుకనుండి వచ్చి దానిని లోపలికి అదిమి గడియ వేయవలసి వచ్చెడిది. దినమంతయు వందలకొలది జనము వచ్చు చోట్ల అది కుదరదు. అచ్చట బలమునకు భాండాగారము అణచిపెట్టిన గాలి. కంప్రెసరు అను యంత్రము ఉక్కుతొట్టిలోనికి గాలిని కుక్కును. అచ్చటినుండి గొట్టములు ప్రతి బొమ్మకును పోవును. బొమ్మ వెనుక ఒక సిలిండరును, దానిలో కదలు పిస్టనును ఉండును. సైకిలు పంపును తలక్రిందుగా ఊహించుకొనుడు: పంపులో మనము కడ్డీని త్రోయగా గాలి పోవును, ఇచ్చట గాలి వచ్చి కడ్డీని త్రోయును.

ఎనిమిదవ తరగతి లెక్క యొకటి చేసి చూతము. సిలిండరు లోపలి వ్యాసము 40 మిల్లీమీటర్లు, అనగా వ్యాసార్ధము 2 సెంటీమీటర్లు. పిస్టను ముఖ వైశాల్యము సుమారు 12.6 చదరపు సెంటీమీటర్లు. గాలి యొత్తిడి చదరపు సెంటీమీటరునకు 5 కిలోగ్రాములు అయినచో, కడ్డీని త్రోయు బలము దాదాపు 63 కిలోగ్రాముల బరువుతో సమానము. ఒక నిండు మనుష్యుని బరువన్నమాట! ఈ గాలిని అడ్డగించి యున్నది సొలినాయిడ్ వాల్వు అను చిన్న కవాటము. దానిచుట్టును తీగచుట్ట యుండును. 12 వోల్టుల బ్యాటరీనుండి అర ఆంపియరు కూడ లేని ప్రవాహము ఆ చుట్టలో పాఱగానే లోపలి యినుపముక్క జరిగి గాలికి దారి యిచ్చును. ఆ తీగచుట్టకు కావలసిన శక్తి 5 వాట్లకు అటునిటు. చేతిలోని రేడియో బొత్తామునుండి వెలువడు తరంగమున కంతకూడ లేదు. అది వాటులో కొన్ని వేలవ వంతులు. వేలవ వంతుల తరంగము రిలేను కదల్చును. రిలే వాల్వును తెఱచును. వాల్వు 63 కిలోగ్రాముల బలమును విడుచును. ఎలుక కొక్కెమును కదల్చుటయు ఇంతియే కదా.

ఈ లెక్కను నేను నల్లబల్లపై వేయుచుండగా ముందు వరుసలోని బాలుడొకడు లేచి, "మాష్టరుగారూ, ఆ కడ్డీ యెదుట మనమున్నయెడల?" అని అడిగెను. ఆ ప్రశ్నకు తిరిగి వచ్చెదను.

సంకేతము పుట్టించుటకు మార్గములు పెక్కులున్నవి. చిన్న రైలుపెట్టెలలో కూర్చుండి చీకటిగృహముల గుండ పోవు వినోదములలో, పెట్టె చక్రము పట్టా ప్రక్కనున్న మీటను త్రొక్కుటయే సంకేతముగా నుంచిరి. కాలినాటివాని కైనచో చాపక్రింది స్విచ్చి. ఒక ప్రక్కనుండి వేఱొక ప్రక్కకు కంటికి కనబడని పరారుణ కిరణమును ప్రసరింపజేసి, నడచువాడు దానిని అడ్డగింపగానే సంకేతము పుట్టునట్లు చేయుట మఱియొకటి. మనుష్యదేహమునుండి వెలువడు వేడిమిని కనిపెట్టు సెన్సారు ఇంకొకటి. ఇది వేడియైన శరీరము తన యెదుట కదలినప్పుడు మేలుకొనును. అయితే మన మే నెలలో గది గోడలే శరీరమంత వేడిగా నుండుటచేత, దీనికి మనిషికిని గోడకును భేదము సరిగా తెలియదు. చలిదేశములలో వ్రాసిన పుస్తకములను నమ్మి కొన్నవారు ఇచ్చట మోసపోవుదురు.

సంకేతము అక్కఱలేని విధము కూడ కలదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమునందలి అనహైము నగరమున డిస్నీలాండు అను వినోదవనమున్నది. అచ్చట 1969 ఆగష్టు 9న తెఱచిన "హాంటెడ్ మాన్షను" లో ప్రేక్షకుల ఆసనములు మాల కూర్చినట్లు ఒకదాని వెనుక నొకటి ఆగక సాగుచుండును. చూచువారి వరుసకు తెంపు లేదు గనుక, లోపలి బొమ్మలలో పెక్కింటికి ఎవరు వచ్చిరో తెలియనక్కఱలేదు. తమ పనిని తాము మరల మరల చేసికొనుచు పోవచ్చును. అదే వనములో 1963లో తెఱచిన పక్షులశాలలోని కీలుపక్షులకు ఆజ్ఞలు టేపు మీద ధ్వనులుగా వ్రాయబడెను. ఒక్కొక్క ధ్వనికి ఒక్కొక్క సన్నని లోహపుఱేకు కంపించును. ఆ కంపము విద్యుద్వలయమును మూయును; రిలే పలుకును; గాలి వాల్వు తెఱచుకొనును; పక్షి ముక్కు తెఱచును. హార్మోనియములో స్వరమునకొక ఱేకు ఉన్నట్లే. కీలుపక్షి పాట పాడుచున్నదని అందఱును విందురు. ఆ పక్షి తానే యొక పాటను వినుచున్నదని కొందఱికే తెలియును.

కాని మా గదివంటి నడకదారులలో జనము ఒక్కొక్కరుగా, గుంపులుగా, నిలిచి నిలిచి వత్తురు. అచ్చట సమయము పట్టుకొనుటయే విద్య. సెకనుకు ఒక మీటరు చొప్పున నడచువాడు వచ్చుచున్నాడనుకొందము. బొత్తాము పట్టినవాడు చూచి నొక్కుటకు సెకనులో అయిదవ వంతు పట్టును. రిలేకును వాల్వుకును కొంత, సిలిండరు నిండి బొమ్మ లేచుటకు కొంత. మొత్తము అర సెకను. ఈలోపల నడచువాడు అర మీటరు ముందునకు వచ్చును. కావున బొమ్మ యెదుటికి వచ్చినప్పుడు నొక్కినచో బొమ్మ అతని వీపు వెనుక లేచును, నవ్వులపాలగును. అర మీటరు ముందుగనే నొక్కవలెను. అంతకంటె ముందైనచో దూరముననే చూచి తేఱుకొనును. ఒక మాఱు పని జరిగిన పిమ్మట కొన్ని సెకనులు ఏ సంకేతము వచ్చినను బొమ్మ కదలకుండునట్లు విరామము పెట్టుటయు వాడుక. లేనిచో గుంపులోని ప్రతివాని అడుగునకును బొమ్మ లేచుచు పడుచు దంపుడురోకలి వలె కనబడును.

మేమును తొలుత చాపక్రింది స్విచ్చినే పెట్టితిమి. రెండు తగరపు ఱేకులు, వాని నడుమ రంధ్రములు చేసిన మెత్తని స్పాంజి, పైన గోనెసంచి. కాలు పడినచోట స్పాంజి అణగి రంధ్రములలో ఱేకులు రెండును తాకును. చేతులారా చేసినది గనుక విద్యార్థులు దానిని చూచి మురిసిపోయిరి. నేనును మురిసితిని.

మొదటి దినమున మధ్యాహ్నపు బడిగంట తరువాత రెండవ తరగతి బాలిక యొకతె తన అక్కతో వచ్చినది. అక్క నాలుగడుగులు వెనుకబడినది. చిన్నది భయపడలేదు, చీకటిలో పెట్టెను చూచి, ఇందులో ఏమున్నదోయని ఆ మూతమీదికి వంగి, సందులో కన్నుపెట్టి చూడసాగినది. అంతలో అక్క కాలు చాపమీద పడినది. మూత లేచినది. ఆ బిడ్డ గడ్డమునకును మూత అంచునకును నడుమ బెత్తెడు జాగా మాత్రమే మిగిలినదని తడికసందునుండి చూచుచుండిన విద్యార్థి చెప్పెను. బిడ్డ వెనుకకు పడి యేడ్చినది, దెబ్బ తగులలేదు. వాళ్ల అక్క నన్ను చూచి, "చెల్లెలు అక్కడుందని దయ్యానికి కనపడలేదా, మాస్టారూ?" అని అడిగినది.

కనబడలేదు. చాపకు తెలిసినది ఒక్కటియే: ఎవరిదో కాలు తనపై పడినది. పెట్టె యెదుట ఎవరున్నారో, ఎంత దగ్గఱ నున్నారో, నిలిచియున్నారో వంగియున్నారో దానికి తెలియదు. బలమును సంకేతమును విడదీసితిమని గర్వించినప్పుడు మేము మఱచినది ఇదియే. తోలుబొమ్మల ఆటగాని చేతికి బొమ్మ తగిలిన వస్తువు తెలియును. పుల్లవెంట ఆ స్పర్శ తిరిగి వచ్చును. సంకేతము ముందునకే పోవును గాని ఏ వార్తను వెనుకకు తేదు.

ఆ దినమునకు గదిని మూయించితిని. సాయంకాలము విద్యార్థులతో కూర్చుండి మార్పులు చేసితిమి. చాపను పెఱికివేసితిమి. పెట్టెకు రెండు మూరల దూరమున నడుముయెత్తు వెదురుకంచె కట్టితిమి. చేయి చాచినను మూత అందదు. ముందువరుసలోని బాలుడు అడిగిన ప్రశ్నకు నేనిచ్చు ప్రత్యుత్తరము ఆ కంచెయే: బొమ్మ ఎంత దూరము చాచుకొనగలదో కొలిచి, ఆ మేర లోపలికి మనిషి రాకుండ చేయవలెను. ఎంత తెలివిగల సెన్సారైనను కంచెకు బదులు కాదు. పిమ్మట బజారులో దొరకు చిన్న రేడియో బొత్తామును తెచ్చి రిలేకు జతపఱచి, ఆ బొత్తామును ఒక విద్యార్థి చేతికిచ్చి, దారియు పెట్టెయు రెండును కనబడు సందు దగ్గఱ కూర్చుండబెట్టితిమి. ఇరుగుపొరుగు బొత్తాములకు మన రిలే పలుకకుండ, దేనికి దానికి ఒక సంకేతసంఖ్య యుండును. తన సంఖ్య వినినప్పుడే రిలే కదలును.

రెండవ దినమున ఆ విద్యార్థి నోటుపుస్తకములో రెండు గడులు గీచికొని కూర్చుండెను: "నొక్కినది", "నొక్కనిది". రెండవ గడిలో కారణము కూడ వ్రాసెను. చంకలో బిడ్డ. కఱ్ఱపోటుతో నడచు తాతగారు. ముందే యేడ్చుచున్నది. ఒకచోట, "మా అమ్మ" అని మాత్రమే వ్రాసియుండెను.

మేము తప్పించుకొన్నది చిన్న ప్రమాదము. పెద్దదానిని గూర్చి చెప్పక ఈ వ్యాసమును ముగింపజాలను. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమున జాక్సను పట్టణప్రాంతమునందలి గ్రేట్ అడ్వెంచరు అను వినోదవనములో "హాంటెడ్ కాజిల్" అను భూతగృహ ముండెను. లారీల వెనుక తగిలించు పొడవైన పెట్టెలను ప్రక్కప్రక్కన నిలిపి, ప్లైవుడ్డు పలకలతో కలిపి దానిని కట్టిరి. 1984 మే 11వ తేదీ సాయంకాలము దానిలో నిప్పు పుట్టి ఎనమండుగురు యౌవనస్థులు మరణించిరి. చీకటిలో దారి కనుగొనుటకు ఒక బాలుడు వెలిగించిన సిగరెట్టు లైటరు గోడకు కొట్టిన స్పాంజిపరుపునకు తగిలినదని విచారణలో సాక్ష్యము వచ్చినది. పొగను కనిపెట్టు సాధనములు గాని, మంటపై తమంతట నీరు చిమ్ము గొట్టములు గాని ఆ గృహమున లేవు. యజమానులైన కంపెనీపై నేరము మోపబడినది. 1985లో జ్యూరీవారు నిర్దోషులనిరి.

ఆ చీకటిని ఒక్క క్షణము తలపోయుడు. పొగ, కేక, మినుకుమను వెలుగు, మూలనుండి అఱపు: అన్నియు ఆ గృహమున డబ్బిచ్చి చూడవచ్చిన వస్తువులే. నిజమైన పొగను, నిజమైన కేకను వానినుండి వేఱుచేసి తెలిసికొనుట యెట్లు? కాలు తడబడు చీకటి, తిన్నగా లేని దారి, దిక్కు తెలియనీయని చప్పుడు అని మెచ్చుకొన్న గుణములన్నియు అప్పుడు శత్రువులగును.

కావుననే ఆ తరువాత అమెరికాలోని అగ్నిరక్షణ నిబంధనలలో ఇట్టి గృహములకు ప్రత్యేకమైన విధులు ఏర్పడినవి. నీరు చిమ్ము గొట్టములు, పొగను కనిపెట్టు సాధనములు ఉండవలెను. అంతమాత్రమే కాదు. పొగ కనబడిన సంకేతము రాగానే దారి దీపములు వెలుగవలెను. జనమును కలవరపెట్టు చప్పుళ్లును దృశ్యములును ఆగిపోవలెను. అనగా ఎన్ని బొమ్మలున్నను, ఎన్ని మూలల నున్నను, అన్నిటిని ఒక్క సంకేతముతో ఆపగల యేర్పాటు, మొదలుపెట్టు ఏర్పాటు కంటె ముఖ్యమైనదిగా, ఉండితీఱవలెను.

ఆపు సంకేతమును తగిలించు విధము కదలించు సంకేతమునకు సరిగా తలక్రిందు. దీనికి మన రైలుబండి మంచి యుదాహరణము. జార్జి వెస్టింగ్‌హౌసు 1869లో పేటెంటు పొందిన తొలి గాలిబ్రేకులో, ఇంజనునుండి గాలిని పంపినప్పుడు బ్రేకు పడెడిది. గొట్టము తెగినచో గాలి పోదు, బ్రేకు పడదు. సరిగా ఆపద సమయముననే బ్రేకు చేయి యిచ్చెడిది. 1872లో ఆయన దానిని తిరుగవేసెను. గొట్టములో గాలి నిండుగా నున్నంతవఱకు బ్రేకు విడిచియుండును. గాలి తగ్గినచో పడును. గొట్టము తెగినను, పెట్టెలు విడిపోయినను, ప్రయాణికుడు గొలుసు లాగినను, గాలి జాఱి బండి ఆగును. నేటి మన రైలుబండ్లును ఈ సూత్రము మీదనే నడచుచున్నవి. ఆపు బొత్తామును కూడ అట్లే తగిలింపవలెను: దానిగుండ ప్రవాహము ఎప్పుడును పాఱుచుండవలెను, బొత్తాము నొక్కినచో తెగవలెను. ఎలుక తీగను కొఱికినను, కరెంటు పోయినను, ఆపినట్లే లెక్క. రేడియో బొత్తామును ఈ పనికి నమ్మరాదు. బ్యాటరీ అయిపోయిన బొత్తాము నోరుమూసికొనును గాని "నేను పనిచేయుట లేదు" అని చెప్పదు.

గాలితో నడచు బొమ్మల విషయమున ఇంకొక చిక్కు కలదు. కరెంటు ఆపినంతమాత్రమున అన్నియు నిలిచిపోవు. పైకెత్తి పట్టబడిన బొమ్మ, గాలి విడిచినచో తన బరువుచేత తానే పడును. ఆ పడుట మెల్లగా నుండునట్లు గాలి వెలుపలికి పోవు దారిని సన్నము చేయుదురు. దుముకు బొమ్మలను గాలి లేనప్పుడు స్ప్రింగు వెనుకకు లాగునట్లు కట్టుదురు. ఏ స్థితిలో అది ఎవరికిని తగులదో ఆ స్థితికే, ఆజ్ఞ లేనప్పుడు, అది చేరవలెను.

ఇంతయు చదివి తెలిసికొన్న పిమ్మట మా గదిని మరల తలచుకొంటిని. కంచె కట్టితిమి, బొత్తామును కనులున్నవాని చేతికిచ్చితిమి, సరియే. కాని కిటికీలకు కట్టినవి నూలు దుప్పట్లు. తడికలు ఎండు వెదురు. దారి ఒక్కటియే, లోపలికి వచ్చిన త్రోవనే వెలుపలికి పోవలెను. గదికి వెనుకతలుపు ఒకటి యున్నది. దానికి అడ్డముగా పాత పటములు పెట్టిన ఇనుపబీరువాను నిలిపి చాల యేండ్లైనది. తాళపుచెవి ఎచ్చటనో యెవరికిని తెలియదు. ఆ రెండు దినములు ఆ గదిలోనికి మీ పిల్లలను పంపినవాడను నేనే.

ఈ సంవత్సరము కూడ దయ్యాల కొంప కట్టుదుమని పదవ తరగతివారు అడుగుచున్నారు. కట్టుదము. ఎఱ్ఱని ఆపు బొత్తాము ఒకటి తెచ్చి ఉంచితిని. అది నొక్కినచో రిలే విడిపోయి గడియ పడి బొమ్మ బందియగును, గదిదీపము వెలుగును. దీపమునకు వేఱు బ్యాటరీ. దుప్పట్లకు బదులు నల్లరంగు వేసిన ఱేకులు. బీరువాను జరుపుటకు నలుగురు బలమైనవారు కావలెను. వచ్చు శనివారము మధ్యాహ్నము రెండు గంటలకు ప్రయోగశాల యొద్దకు రండు. తాళపుచెవి దొరకనిచో తాళమును కోయించుటకు కమ్మరిని కూడ రమ్మని చెప్పితిని.